ఉబ్బని సంచి

విమానంలో ప్రాణం మీదికొస్తే తన గాలి తీసి పెళ్లానికిచ్చిన మనిషి అని గోదావరిఖనిలో, మా వీధిలో నాకొక పేరుంది. కూరగాయల బండి దగ్గర నిలబడ్డా ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుకుంటారు. మొదట్లో వద్దు వద్దన్నాను. తర్వాత నవ్వి ఊరుకున్నాను. నవ్వి ఊరుకోవడమంటే ఒప్పుకున్నట్టే కదా. జరిగింది అది కాదు. ఏం జరిగిందో రాస్తాను, తిట్టేవాళ్లు తిట్టుకోండి.

ముందు నా పని గురించి చెప్పాలి, తప్పంతా అక్కడే మొదలైంది గనక. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. ముప్పై నాలుగేళ్లు బాయిలో పని చేశాను, అందులో ఎక్కువ కాలం సర్దారుగా. సర్దారంటే ఆ షిఫ్టులో తన కింద పనిచేసే మనుషుల ప్రాణాలకు పూచీ పడేవాడు. అందరికంటే ముందు వెళ్లి పైకప్పు తట్టి చూడాలి, గాలి ఆడుతోందా, గ్యాసు చేరిందా చూసుకోవాలి. నేను రండి అంటే రావాలి, ఆగండి అంటే ఆగాలి. ఎందుకు ఏమిటి అని అడిగేవాడు నాకు పనికిరాడు. మనిషి కోపిష్టి, మాట కటువు అనేవారు. అననీ! నా షిఫ్టులో ఒక్క ప్రాణం పోలేదు. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

మోకాలు దెబ్బతిన్నాక చివరి ఐదేళ్లు నన్ను ట్రైనింగ్ సెంటర్లో వేశారు. కొత్తగా చేరినవాళ్లకు నడుముకు కట్టుకునే గాలి డబ్బా ఎలా వాడాలో చూపించడం నా డ్యూటీ. కింద మంటలో పొగలో చిక్కుకుంటే ఆ డబ్బా మూత పీకి, గొట్టం నోట కరుచుకుని, ముక్కుకు క్లిప్పు పెట్టుకోవాలి. డబ్బాలోని మందు లోపలే ప్రాణవాయువు తయారుచేస్తుంది. ఛాతీ మీద ఒక సంచి వేలాడుతుంది. గాలి పుట్టిందా లేదా అన్నది ఆ సంచి చూసే తెలుసుకోవాలి.

"సంచి మీదనే కన్ను పెట్టున్రి. ఉబ్బిందా, బతికినవ్. ఉబ్బలేదా, గా డబ్బా సచ్చినట్టే. ఆలోచన చెయ్యకు. తీసి అవుతల పారెయ్, ఇంకోటి అందుకో."

ఈ మాటలు ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. నిద్రలో కూడా అనేవాడినని మా ఆవిడ అంటుంది. నేను చూపిస్తుండగా వెనక బెంచీలో ఎవరైనా గుసగుసలాడితే మాత్రం నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. "లే, బయటికి నడువు. ఇంటలేవంటే నీకు పానం మీద తీపి లేనట్టే" అని అందరి ముందూ నిలబెట్టి కడిగేసేవాడిని. వాళ్లలో కొందరు ఇప్పుడు సర్దార్లయ్యారు, కనబడితే నమస్తే పెడతారు.

మా ఆవిడ నాకు మేనమామ కూతురు, కమాన్‌పూర్ వైపు పిల్ల. ఇప్పటికీ బావా అనే పిలుస్తుంది. అంత మర్యాదగా పిలుస్తోంది కదా, చెప్పిన మాట వింటుందనుకుంటే పొరపాటే. పెద్ద సూట్‌కేసు చాలు అంటే రెండు చిన్నవి సర్దుతుంది. గొడుగు వద్దంటే రెండు పెడుతుంది. ఆటో అతనితో నేను మాట్లాడుతుంటే మధ్యలో దూరి వేరే దారి చెప్తుంది. నలభై ఏళ్లుగా రోజూ ఏదో ఒక లొల్లి పెట్టుకుంటూనే బతికాం. అది లేని రోజు ఒంట్లో బాగాలేదేమో అని నేనే అడుగుతాను.

రిటైరైన రెండో ఏడు, మా బాయిలో పనిచేసిన వాళ్లం కొందరం జంటలుగా మలేషియా చూసొద్దామని బయల్దేరాం. ఎత్తైన మేడలు చూశాం, సముద్రం చూశాం, చప్పిడి కూరలు తిన్నాం. ఎక్కడికి పోయినా ఆమె సంచిలోంచి మామిడికాయ తొక్కు తీసి అందరికీ పంచింది. వారం తిరిగేసరికి మా గుంపులో అందరూ ఇల్లు ఎప్పుడు చేరతామా అన్నట్టే ఉన్నారు. ఆ వారంలో చెప్పుకోదగ్గ ఇబ్బంది ఏదీ రాలేదు.

తిరుగు ప్రయాణం పొద్దున పూట. ఆమె కిటికీ దగ్గర, నేను మధ్యలో, నా ఇవతలి సీట్లో మా గుంపులోనే వచ్చిన క్లర్కు. బాయి ఆఫీసులో హాజరు మస్టర్లు రాసి రిటైరయ్యాడు. ఆయన భార్య వెనక వరసలో కూర్చుంది. విమానం కదలక ముందు ఒక అమ్మాయి నడవలో నిలబడి పసుపు రంగు మాస్కు చేత్తో పట్టుకుని ఎలా పెట్టుకోవాలో చూపించింది. మైకులో ఎవరో వాళ్ల భాషలో చదివి, తర్వాత ఇంగ్లీషులో చదివారు. నాకు ఇంగ్లీషు రాదని కాదు. బాయికి సరిపోయేంత వచ్చు. చెవి పెట్టి ఉంటే అర్థమయ్యేది. కానీ ఆ అమ్మాయి చూపించే తీరు చూడగానే నాలోని ట్రైనింగ్ మాస్టరు లేచి కూర్చున్నాడు.

"గా పిల్లను సూడు. మొకంల ఒక్కతీరు నవ్వు. పానం సంగతి నవ్వుకుంట చెప్తే ఎవడింటడే? మా సెంటర్‌కు తోలితే రెండు దినాలల్ల మంచిగ నేర్పిస్త" అన్నాను.

"జర సప్పుడు చెయ్యకు బావా. ఏందో చెప్తున్నరు, ఇననియ్యి."

"ఏమున్నది అండ్ల ఇననీకె? ఇన్నేండ్లు నేను చెప్పిందే చెప్తున్నరు. నీ పక్కకు నేను లేనా?"

ఆమె నా వైపు ఒకసారి చూసి, బెల్టు సరిచేసుకుని కిటికీలోకి తిరిగింది. నేను క్లర్కు వైపు తిరిగి మా డబ్బా గొప్ప, వీళ్ల మాస్కు తక్కువ అని ఇంకాసేపు ఉపన్యాసం ఇచ్చాను. ఆ అమ్మాయి మాస్కు కింద వేలాడే ప్లాస్టిక్ సంచిని వేలితో చూపించడం కంటికి కనబడింది. ఆ సమయంలో మైకులో ఏమన్నారో వినలేదు. నా క్లాసులో ఎవడైనా ఇలా చేసి ఉంటే బయటికి తోసేవాడిని.

గంట దాటింది. అన్నం డబ్బాలు ఇచ్చారు. ఆమె తొక్కు పొట్లం ముడి విప్పుతోంది. వెనకెక్కడో ధబ్బుమని చప్పుడైంది. చెవుల్లో ఎవరో వేళ్లు పెట్టి నొక్కినట్టయింది. ఒక్కసారిగా చలి, తెల్లటి పొగమంచు లాంటిది లోపలంతా కమ్మింది, కాగితాలు లేచాయి. వెనకనుంచి "ఓయమ్మా" అని క్లర్కు భార్య గొంతు. తల మీద మూతలు టపటపా తెరుచుకుని మాస్కులు కిందికి జారాయి. విమానం ముక్కు కిందికి వాలింది.

నాకు భయం వెయ్యలేదు. గొప్పకు చెప్పుకోవడం లేదు. మామూలప్పుడు కోపిష్టినే గానీ ఆపద వచ్చినప్పుడు నాకు ఎక్కడలేని నెమ్మది వస్తుంది. బాయిలో అలవాటైన నెమ్మది అది. ముందు నా మాస్కు లాగి పెట్టుకున్నాను. తర్వాత ఆమెకు పెట్టాను. తాడు బిగించాను. పక్కన క్లర్కు తనదేదో తనే తగిలించుకుని, కళ్లు గట్టిగా మూసుకుని రెండు చేతులూ జోడించాడు. అంతవరకూ అంతా సరిగ్గానే చేశాను. అక్కడితో చేతులు ముడుచుకుని కూర్చుని ఉంటే ఈ కథే లేదు.

కానీ నా కన్ను సంచి మీదికి పోయింది. నా సంచి కొంచెం కొంచెంగా కదులుతోంది. ఆమె సంచి బల్లపరుపుగా, మడత కూడా విప్పుకోకుండా వేలాడుతోంది. ఐదు లెక్కపెట్టాను. ఉబ్బలేదు. ఆ డబ్బా చచ్చింది. నాకు అనుమానమే రాలేదు, ఎండలో నిలబడ్డవాడికి ఎండ అని చెప్పాలా? ఆలోచన చెయ్యకు, తీసి పారెయ్, ఇంకోటి అందుకో.

నా మాస్కు పక్కకు జరిపి అరిచాను. "నీది పనిచేస్తలేదు, తియ్యి!"

ఆమె చెయ్యి పైకి లేచి మాస్కును అదిమి పట్టుకుంది. కళ్లు పెద్దవి చేసి నన్ను చూసింది.

"తియ్యంటున్న గద!" అన్నాను.

చెయ్యి వదిలేసింది. నేను ఆమె మాస్కు మొహం మీదినుంచి లాగేశాను. ఇప్పుడు నాది తీసి ఆమెకు పెట్టాలి. తీయబోతే తాడు కళ్లద్దాల కాడకు చిక్కుకుంది. లాగాను, రాలేదు. వేళ్లు మొద్దుబారాయి, నా వేళ్లు కానట్టున్నాయి. ఎంతసేపు పెనుగులాడానో తెలియదు. అద్దాలతో సహా ఊడింది. ఆమె మొహానికి తెచ్చాను, గడ్డం దగ్గర ఆనింది, ముక్కు మీదికి ఎక్కడం లేదు. అప్పటికే ఆమె తల కిటికీకి వాలిపోయింది. పెదాలు నేరేడు పండు తిన్నట్టున్నాయి. నాకేమో మనసంతా తేలిగ్గా, హాయిగా ఉంది. గాలి తగ్గిన చోట మనిషికి ఇలాగే హాయిగా ఉంటుందని, అదే మోసమని క్లాసులో చెప్పేవాడిని. అదీ గుర్తు రాలేదు.

ఎవరో నా చేతి మీద చాచి కొట్టారు. పొద్దున నవ్వుతూ చూపించిన అమ్మాయే. చిన్న సిలిండరు మెడకు వేసుకుని, సీట్లు పట్టుకుంటూ వచ్చింది. మొహాన నవ్వు లేదు. క్లర్కు మీదినుంచి, నా మీదినుంచి వంగి, వేలాడుతున్న ఆ 'చచ్చిన' మాస్కునే అందుకుని మా ఆవిడ మొహానికి నొక్కింది. రెండోది నా మొహానికి నొక్కి, నా చెయ్యి తీసి దాని మీద పెట్టి, పట్టుకో అన్నట్టు గట్టిగా అదిమింది. తర్వాత ముందు వరసలోకి పాకుతూ వెళ్లింది.

నా బుద్ధి మెల్లగా తిరిగి వచ్చింది. విమానం ఇంకా దిగుతూనే ఉంది. నేను మా ఆవిడ సంచినే చూస్తున్నాను. అది ఉబ్బలేదు. ఎంతసేపు చూసినా ఉబ్బలేదు. దాని వెనక ఆమె ఛాతీ మాత్రం లేస్తోంది, పడుతోంది. పెదాల నలుపు తగ్గుతోంది. అప్పుడు తెలిసింది నాకు. ఇది మా డబ్బా కాదు. ఇక్కడ సంచి ఉబ్బకపోయినా గాలి వస్తుంది. నేను నా భార్య మొహం మీదినుంచి గాలి పీకేశాను. అమ్మ తోడు, ఆ నిమిషంలో విమానం సముద్రంలో పడిపోతే బాగుండనిపించింది.

ఆమె కళ్లు తెరిచింది. మాస్కులోంచే ఏదో అడిగింది. దిగామా అని అడిగిందనుకుంటాను. తల ఊపాను. నిజానికి ఇంకా దిగలేదు. కొంతసేపటికి విమానం తిన్నగా నిలిచింది, మాస్కులు తీయొచ్చన్నారు. క్లర్కు అప్పుడు కళ్లు పూర్తిగా తెరిచి, నా భుజం పట్టుకుని ఏడ్చేశాడు.

"నేను సూసిన అన్నా. మధ్యల ఒక్కపారి కండ్లు తెరిస్తి, నువ్వు నీది పీకి వదినెకు పెడుతున్నవ్. ఎవడు జేస్తడే గిట్ల? ఎవడు జేస్తడు?"

ఆయన చూసింది నిజమే. దానికి ముందుది చూడలేదు. నేను నోరు తెరిచాను. వెనక సీట్లోంచి ఆయన భార్య చెయ్యి చాచి మా ఆవిడ తల నిమురుతూ "ఎంత అదృష్టమో అక్కా" అంటోంది. నోరు మూసుకున్నాను. పుట్టిన తర్వాత నేను చేసిన పిరికి పని అదొక్కటే.

దారిలో ఉన్న ఏదో సముద్రపుటూళ్లో దించారు. చిన్న విమానాశ్రయం, చిన్న దవాఖాన. డాక్టరు మా ఆవిడ వేలికి క్లిప్పు పెట్టి చూసి, గుండె విని, ఏం భయం లేదన్నాడు. ఆమె అడిగిన మొదటి మాట తొక్కు పొట్లం ఏమైందని. ఆమెను పడుకోబెట్టి బయటికొస్తే ఆ అమ్మాయి బెంచీ మీద కూర్చుని నీళ్లు తాగుతోంది. దగ్గరికెళ్లి, నా వచ్చీరాని ఇంగ్లీషులో సంచి, ఉబ్బలేదు, నేను తీశాను అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ అమ్మాయి సీసా పక్కన పెట్టి, చేత్తో సంచి ఆకారం చూపించి, ఇది ఉబ్బకపోయినా గాలి వస్తుంది, పొద్దున చెప్పాం కదా అంది. తిట్టలేదు. నాకర్థమయ్యేదాకా రెండుసార్లు, ఓపిగ్గా చెప్పింది. మంచి మాస్టరు. నేను చేతులు జోడించాను.

రెండు రోజుల తర్వాత ఇల్లు చేరాం. మా కంటే ముందే కథ చేరింది. క్లర్కు ఫోన్లోనే అందరికీ చెప్పేశాడు. నస్పూర్ నుంచి చుట్టాలొచ్చారు, రామగిరి నుంచి నా దగ్గర ట్రైనింగ్ తీసుకున్న పిల్లలొచ్చారు. "సర్దార్ కాక అంటే ఏమనుకున్నరు" అని వాళ్లలో వాళ్లే చెప్పుకున్నారు. మా ఆవిడ మాత్రం ఎవరికీ ఏమీ చెప్పలేదు. అడిగితే "నాకు సోయి లేకుండె బిడ్డా, ఏం చెప్పాలె" అని చాయ పెట్టడానికి లోపలికెళ్లేది. ఊళ్లో అందరి నోటా ఉన్న కథ ఆమె నోట రాకపోవడం నాకు బాగానే అనిపించింది. ఇంకా భయం తగ్గలేదేమో అనుకున్నాను.

నెల తిరిగింది. రిటైరైన కార్మికుల మీటింగులో నాకు శాలువా కప్పుతామన్నారు. ఏర్పాటంతా క్లర్కుదే. వద్దంటే వినడు. మర్నాడు మీటింగనగా మధ్యాహ్నం అన్నం సగంలో లేచి ఆయనకు ఫోన్ చేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "సరే అన్నా, ఏదో ఒకటి చెప్పి బంద్ చేస్త" అని పెట్టేశాడు. సగం భారం దిగింది. మిగతా సగం వసారాలో చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

ఎదురుగా కూర్చున్నాను. ఒక గింజ నేనూ తీశాను.

"ఓ మాట చెప్త. కోపం చెయ్యకు."

"చెప్పు."

"ఇమానంల నీ మాస్కు ఖరాబ్ కాలే. మంచిగనే ఉండె. సంచి ఉబ్బలేదని నేనే పీకిన. నా తప్పే. నేను నిన్ను కాపాడలే. నీ పానం తీయబోయిన."

ఆమె చేతులు ఆగలేదు. ఇంకో తొన తీసుకుంది, గింజ పక్కకు నెట్టింది.

"ఎరుకే" అంది.

"ఎట్లెరుక? గా పిల్ల గిట్ల ఏమన్న చెప్పిందా?"

"ఎవలు చెప్పాలె? నా ముక్కు నాకు లేదా? గాలి వస్తనే ఉండె బావా. సల్లగ, మంచిగ వస్తనే ఉండె."

నా చేతిలో గింజ అలాగే ఉండిపోయింది.

"మరి ఎందుకు ఇడిచిపెడితివి? పట్టుకున్నవ్ గద, నేను చూసిన. గట్టిగ పట్టుకోవద్దా? నా చెయ్యి మీద ఒక్కటియ్యద్దా?"

"నువ్వు తియ్యి అన్నవ్."

"నేనంటే? నేనెప్పుడు చెప్పినా ఇన్నవానే నువ్వు? కూరల ఉప్పెక్కువైందంటే నలభై ఏండ్ల సంది ఒప్పుకోవైతివి! గాలి వస్తుంటే, నీ పానానికి తెలుస్తుంటే, ఎట్ల ఇడిచిపెడితివే?"

ఆమె అప్పుడు తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు. ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది, అంతే.

"ఉప్పు సంగతి నాకెరుక. గాలి సంగతి నీకెరుక గద. వస్తున్నట్టు నాకనిపిస్తుంది గని, వస్తలేదేమో అనుకున్న."

విమానంలో రాని భయం అప్పుడొచ్చింది. నా మాట మీద తన ఊపిరినే తను నమ్మలేదు. బాయిలో నేను రండి అంటే ఎదురు అడగకుండా వచ్చినవాళ్లందరూ కళ్ల ముందు నిలిచారు. వాళ్లకు ఏమనిపించేదో నేను ఒక్కరోజు కూడా అడగలేదు. ఏడుపు ఆగలేదు. ఎన్నేళ్ల తర్వాత ఏడ్చానో నాకే తెలియదు.

ఆమె చింతపండు చేతిని కొంగుకు తుడుచుకుని నా మోకాలి మీద వేసింది. ఏమే, ఇంకెప్పుడూ నా మాట మీద నీ చెయ్యి వదలకు అన్నాను. సరేనంది. ఏ మాటా అంత తొందరగా ఒప్పుకోని మనిషి, నేను చెప్పాను కాబట్టి సరేనంది.